గంట మోగని పొద్దు

ఏమప్పా ప్రేమయ్యా, నీ దోస్తు పటాలానికి పోతా నీ పేర ముక్త్యారునామా రాసిస్తాండాడంట గదా? కూచో. ఆ మంచం మీద కాదప్పా, దాని పట్టె ఇరిగింది, ఈడ కూచో. వాని బదులు నువ్వు సంతకం పెట్టొచ్చు, వాని చేను ఇంకొకరి పేర రాసియ్యొచ్చు, నిజమే. ఆ కాగితం మోయడమంటే ఏందో మన దూదేకుల పీర్ బాషాను చూసినోళ్లకు తెలుసు. నువ్వు చూసుండవులే, పోయి శానా ఏండ్లాయ. ముందు జర్మనీ యుద్ధంలో దాసన్న బస్రాకు పోతా ఆయప్పకే రాసిచ్చినాడు. ఇద్దరిదీ చిన్నప్పటి సావాసం. "పీరూ, బాయి చేను మా అక్క విశ్వాసమ్మ పేర రిజిస్ట్రీ చేయించు. మొగుడు పోయినామె. మా అన్న ఏసన్న ఆమెను బతకనియ్యడు" అని చెప్పి పోయినాడు. తానే చేయించి పోవచ్చు గదా అంటావా? పటాలమోళ్లు పిలిచినాక నిలవనిస్తారా? ఆ నామా రాసియ్యనీకే పొద్దు చాల్లే. ఏసన్న సంగతి సరేసరి, "ఆడదానికి చేనేందిరా" అని రచ్చకట్ట మీద కూచొని అనేటోడు.

పీర్ బాషా అసలే భయస్థుడు. పత్తికొండకు పోయి వకీలును అడిగినాడు. ఆ వకీలు కండ్లద్దాలు తీసి తుడుచుకుంటా, "చూడు సాయిబూ, అతను చెప్పిందే చెయ్. అతని సొత్తు నీ సొత్తుతో కలపొద్దు. నీ లాభం చూసుకోవద్దు. అతను చచ్చినాడంటే నీ కాగితమూ చచ్చినట్టే" అన్యాడంట. "వాడు పోయింది నాకు తెలీకపోతే సామీ?" "తెలీక చేసిందానికి చట్టం నిన్ను కాపాడుతాది. తెలిసీ చేస్తివా, జైలే." ఇంకేముంది, ఆ దినం నుంచి ఆయప్పకు కంటి మీద కునుకు లేదు. దాసన్న చేని గట్టున చింతచెట్టు ఉండేది. కింద రాలిన కాయలు గూడ ఇంట్లోకి రానిచ్చేటోడు కాదు. మున్నీ బీ, అదే ఆయప్ప పెండ్లాం, "పులుసుకు నాలుగు కాయలు తెచ్చుకుంటే సర్కారోళ్లు ఉరేస్తారా ఏంది?" అని కొట్లాడేది. ఇన్ని జాగ్రత్తలు పడినోడు చేయాల్సిన పని మాత్రం చేయలే. రిజిస్ట్రారు ముందర ఒక మాట తప్పు దొర్లితే ఎట్లా అని భయం. వాన పడనీ, కోతలు కానీ అని జరుపుతానే ఉండాడు.

ఒక పొద్దున్నే విశ్వాసమ్మ వాకిట్లోకొచ్చి నిలబడింది. "పీరూ, ఈ పొద్దే పోదాం పా" అన్యాది. బండి తోలింది నేనే గదా, ఇంకా నా కండ్ల ముందరే ఉండాది. ఊరు దాటినాక ఆయప్ప, "ఏమక్కా ఇంత తొందర? నిన్న సాయంత్రం పాస్టరయ్య మీ ఇంటికి వచ్చి…" అంటాండాడు. "పీరూ, ఆ మాట అడగొద్దు" అన్యాది ఆమె. అంతే. ఆయప్ప మొగం ఎండిపోయింది. మన ఊర్లో ఆనవాయితీ నీకు తెలుసు గదా, మనోళ్లు యాడ చచ్చినా సరే, కబురు తెలిస్తానే పాస్టరయ్య గుడి గంట కొడతారు. "సుంకప్పా, గంట మోగలే గదా?" అన్యాడు. మోగలేదంటి. చెరువుకట్ట దాటినాక మళ్లీ అదే మాట. ఆమీట తలకున్న గుడ్డ విప్పి చెవుల చుట్టూ బిగించి కట్టుకున్యాడు. ఎండాకాలమప్పా! "ఎవరెదురొచ్చినా బండి ఆపొద్దు" అన్యాడు. మన ఊరి హుసేన్ వలి ఎదురుగా వచ్చి "ఓ పీరూ!" అని చెయ్యెత్తినాడు. "తోలు సుంకప్పా, తోలు!" అని ఒకటే అరుపు. హుసేన్ వలికి పాపం గొర్రె తప్పిపోయింటే అడగనీకొచ్చినాడంట.

రిజిస్ట్రారు కాగితాలన్నీ తిప్పి చూసి, "ఈ దాసన్న బతికుండాడా?" అన్యాడు. పీర్ బాషా విశ్వాసమ్మ దిక్కు చూసినాడు. ఆమె కొంగు పండ్ల మధ్య పట్టుకొని నేల చూస్తాండాది. "నాకు తెలిసినమటుకు బతికే ఉండాడు సామీ" అన్యాడు. సంతకం పెట్టినాడు. పనంతా ముగిసి బయట మెట్లు దిగినామో లేదో, "తమ్ముడా!" అని ఒక్క కేక పెట్టింది చూడు, అబ్బా! అంగళ్ల కాడోళ్లంతా లేచి నిలబడిరి. దాసన్న పోయినాడని ముందు దినమే తెలుసంట ఆమెకు. పాస్టరయ్య కాళ్లు పట్టుకొని, నేను తిరిగొచ్చేదాకా గంట కొట్టొద్దయ్యా అని మొక్కినాదంట. పక్కింటోళ్లు వింటారని రాత్రంతా ఏడుపు గొంతు దాటనియ్యలే. మా బండి ఊర్లోకి తిరిగినప్పుడు మోగింది గంట.

ఏసన్న ఊరుకుంటాడా? తమ్ముడు చచ్చినాక పెట్టిన సంతకం చెల్లదని కోర్టుకు పోయినాడు. బోనెక్కించి అడిగితే పీర్ బాషా "నాకు ఎవరూ చెప్పలే" అన్యాడు. అబద్ధమేం కాదు గదా. చేను నిలిచింది, ఆమె చచ్చేదాకా అందులోనే పండించుకొని తిన్యాది. ఆయప్పే నిలవలే. ముసలోడై మంచాన పడినాక గూడ నన్ను పిలిపించుకొని, "సుంకప్పా, నువ్వు పక్కనే ఉంటివి, చెప్పు. ఆ పొద్దు నాకు తెలుసా, తెలీదా?" అనేటోడు. తెలీదప్పా, నీకు చెప్పిందెవరు, అంటి. "తెలీకపోతే చెవులకు గుడ్డ ఏంటికి కట్టుకుంటి?" అన్యాడు.



నీ దోస్తు రైలు ఎప్పుడన్యావు? ఆదివారమా? ఇంకా దినాలుండాయి గదప్పా. పో, ఆ పెట్టే సంతకమేందో వాన్నే పెట్టి పొమ్మని చెప్పు. లే, లే, ఇంకా కూచున్యావేంది.