గురువారం తాత

ఏంటమ్మా, నాలుగో గది పెద్దావిడ ఏదడిగినా సరే అంటోందా? కూర్చో, ఈ దుప్పట్లు మడతపెడుతూ విను. నేనిక్కడ ఆయాగా చేరిన కొత్తల్లో ఈ వృద్ధాశ్రమంలో ఒక టైలర్ తాత ఉండేవాడు. నలభై ఏళ్లు మిషను తొక్కిన మనిషి. మతిమరుపు జబ్బు ముదిరి కన్నకూతురి పేరే గుర్తులేదు గానీ, కొట్టు అలవాటు మాత్రం పోలేదు. ఎవరేమడిగినా "సరే, గురువారం రండి" అనేవాడు. స్నానం చేస్తావా తాతా? సరే, గురువారం రండి. మందు వేసుకున్నావా? గురువారం. డాక్టరుగారిక్కూడా అదే వాయిదా. ఆయన పాపం ఒకసారి నిజంగానే గురువారం వచ్చాడు. నవ్వకు, నా కళ్లారా చూశా.

ఎక్కడున్నాను? ఆఁ, ఒకరోజు మేడమెట్ల మీద జారాడు. దెబ్బ తగల్లేదు గానీ కూతురు హడలిపోయి, కింద ఖాళీగా ఉన్న వెనక గదికి మార్చేయమంది. మా మేనేజరమ్మ పద్ధతి గల మనిషి కదా, ముందు ఆయన్ని అడగాలంటూ కాగితం పట్టుకుని వెళ్లింది. ఆయన సరే అన్నాడు. ఈవిడ రాసేసుకుంది, ఒప్పుకున్నారని. నాకు ఒళ్లు మండింది. ఆ సరేతో ఆయన్ని చంద్రమండలానికైనా పంపొచ్చండీ అన్నాను. "అయితే నువ్వే అడుగు" అంది మూతి ముడుచుకుని.

నేను అడగలేదమ్మా. పొద్దున్నపూట ఆయన బుర్ర తేటగా ఉండేది. అప్పుడు చెయ్యి పట్టుకుని ఆ వెనక గదికే తీసుకెళ్లా, కూతురూ వెంట వచ్చింది. గుండీ ఊడిన చొక్కా, దారం ఎక్కించిన సూది చేతికిచ్చా. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, చొక్కా నా ఒళ్లో పడేశాడు. "ఇక్కడ వెలుతురు లేదు. నేను కూర్చోను" అన్నాడు. గురువారం ఊసే లేదు. తర్వాత ముందువైపు గదికి తీసుకెళ్లా, అప్పట్లో అది సామాన్ల గది. తనే కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, గుండీ కుట్టి, దారం పళ్లతో తెంపాడు. కూతురు ఏడుస్తూనే నవ్వింది. నాన్న నోట కాదనే మాట విని ఎన్నాళ్లయిందో అంది. ఇంకేముంది, సామాన్లు వెనక గదికి, తాత ముందు గదికి. మేనేజరమ్మ కాగితం చింపి మళ్లీ రాసుకుంది. మూడేళ్లు ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాడు. ఈ ఇంట్లో గుండీ లేని చొక్కా కనబడితే ఒట్టు. పోయే ముందురోజు కూడా, నా చీర అంచు చూసి, కుట్టు ఊడింది, ఇటివ్వు అన్నాడు. నేనేమో పని తొందరలో ఉన్నా. గురువారం ఇస్తాలే తాతా అనేశాను.

సరే, లే. పెద్దావిడని టీయా, పాలా అని అడక్కు. రెండు గ్లాసులూ ఎదురుగా పెట్టు, చెయ్యి ఎటు పోతుందో చూడు. వెళ్లు, చల్లారిపోతాయి.