రోడ్డుకు ఆపక్క బడి

సంజాయిషీ రాసియ్యాల్నా సార్? రాసిస్త, ఎక్కడికి పోతది! కని రాసేదానికన్న ముందు మీరు జర వినున్రి. పదింటికి మీరు తనిఖీకొస్తే బడికి తాళముంది. ఇరవై నిమిషాలు మెట్లమీద కూసున్నరు. నేను కాదంటనా?

"కృపమ్మగారూ, ఇరవై రెండేళ్ళ సర్వీసుంది, టైము తెలియదా మీకు?" అంటిరి. పిల్లల ముందట అంటిరి. సరే, అననియ్యి.

తెల్సు సార్. నేను తొమ్మిదింటికే ఇల్లిడుస్త. తొమ్మిదిన్నరకు బెజవాడ రోడ్డుకు ఆపక్క ఉంట. ఎందుకుంటనో ఎవ్వలన్న అడిగిన్రా?

గా మూలకు కొబ్బరితాడు జూసిన్రా? దానికి ఇరవై రెండు ముళ్ళేసిన. ముడికొక్క పిల్ల. ఆపక్క రేకులబడి మీరు మూసేస్తిరి గదా, ఆ పిల్లలంత ఇప్పుడు ఈ బడికే రావాలె. రోడ్డెట్లుందో మీకెరుకే. ఒకదిక్కు బెజవాడ లారీలు, ఒకదిక్కు దిల్‌సుఖ్‌నగర్ కాలనీలకు పొయ్యే ఇటుకల లారీలు, ఇసుక లారీలు. ఇండ్లు లేస్తున్నయి, ఆ డ్రైవరుకు ట్రిప్పులు గావాలె. తాడువట్టుకున్న పిల్లల్ని జూసి బ్రేకేస్తడా వాడు? ముందట నేను, నడుమ చిన్నపిల్లలు, ఆఖరి ముడికి యాదమ్మ. ఐదోతరగతి. అందట్ల పెద్దది అదే.

ఇయ్యాల ఏమైందంటే సార్... తాడు సగం రోడ్డు దాటింది. యాదమ్మ చెప్పు ఊడింది. ఊడితే పోనియ్యక వంగింది! చిన్నపిల్ల గదా, కొత్తచెప్పు. లారీ దాని పక్కకెల్లి జానెడు ఎడంతోని పోయింది. చెప్పు నుజ్జయింది. పిల్ల బతికింది, ఆ ప్రభువు దయ.

బతికింది కని రోడ్డు నడుమ కూసున్నది, లేవది. రెక్కవట్టి గుంజుకొచ్చిన. మళ్ళ రోడ్డు దిక్కు అడుగేస్తలేదు. అందరం వెనక్కే మళ్ళినం. దాన్ని ఇంటికి తోల్కపోయి అమ్మమ్మ మల్లమ్మకు అప్పజెప్పిన. తల్లిదండ్రులు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ల హమాలీకి పోతరు, ఆ ముసలామెనే దిక్కు. మిగిలిన ఇరవై ఒక్కమందిని మళ్ళ రోడ్డు దాటిచ్చి వచ్చేసరికి మీరు మెట్లమీదున్నరు.

 

అందుకే అడుగుతున్న సార్. సంజాయిషీ తర్వాత. ఆ రేకులబడి మళ్ళ తెరువున్రి. బంగ్ల కట్టమంటలేను, కొత్త కుర్చీలు అడుగుతలేను. ఉన్న తాళం తీయున్రి, ఒక్క టీచర్నియ్యున్రి. ఇంకో పిల్ల చెప్పు ఊడేదాక ఆగుదామా?

ఏంది? కుదరదా?

రూలా? బడుల వరుస పట్టీ ప్రకారమే మూసినమంటున్రా?

అవు, పట్టీ. ఎందుకు మరుస్త? పోయిన ఏడాది చుట్టుపక్కల ఐదు బడులను మీరు బేరీజు వేసిన్రు. పిల్లలెందరు, హాజరెంత, పైకప్పు ఎట్లుంది, బోర్డు నల్లగుందా తెల్లగైందా, అన్నీ చూసిన్రు. ఐదిట్ల ఆఖరికి మిగిలినయి రెండు. రేకులబడి, మా బడి. రెండిట్ల ఒకటి మూయాలె. పిల్లలు గూడ సమానమే. ఉండకేమైతది? పొలాలమ్మి ప్లాట్లుజేసినోళ్ళంత వాళ్ళ పిల్లలకు టై కట్టి, బెల్టు వెట్టి, రిక్షల కాన్వెంటుకు తోలుతున్నరు. సర్కారుబడికి మిగిలింది కూలోళ్ళ పిల్లలే.

అన్నీ సమానమైనంక నాలుగో తరగతి లెక్కల పరీక్ష వెట్టిన్రు. మీరే కాయితం తయారు జేసిన్రు. రేకులబడి అంతయ్య సారు పిల్లల పేపర్లు నేను దిద్దాలె, నా బడి పేపర్లు అంతయ్య సారు దిద్దాలె. నా పిల్లలకు సగానికి జర తక్కువ మార్కులొచ్చినయి. ఆయన పదకొండుమందికి సున్న. పక్కన ఎర్రసిరాతోని 'చూచిరాత'. పంచాయతాఫీసుకాడ అందరి ముందట మీరే చదివిన్రు. "ఇటువంటి బడి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అంటిరి.

మళ్ళ గదే మాట అనకున్రి సార్. దండం వెడ్త.

...ఒక్క నిమిషం. ఓ పిల్లలూ, బయటికి పొయ్యి ఆడుకోన్రి. పోన్రి. రోడ్డు దిక్కు పోకున్రి! దడి లోపటనే.

సార్, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడ్డట్టయితది నా కత. అయినా చెప్త. ఆ పిల్లలు చూచి రాయలే.

ఆ పేపర్లల్ల జవాబులే ఉండె. చేసిన లెక్క ఎక్కడా లేకుండె. పదకొండు పేపర్లు, అన్నిట్ల జవాబులు కరెక్టే. తెల్వనోళ్ళయితే దొంగతనమే అనుకుంటరు. నాకు తెల్సు సార్. నాకు బాగ తెల్సు. అంతయ్య సారు పిల్లలకు నోటిలెక్కలు నేర్పిస్తడు. పలకవట్టనియ్యడు. సెలవులొస్తే ఆ పిల్లలు తల్లిదండ్రుల ఎంట మార్కెట్టుకు పోయి బత్తాయిలు ఏరుతరు, గంపలకెత్తుతరు. ఒకనాడు నేను కాయలు కొనవోతే ఈ యాదమ్మనే నన్నడిగింది. "టీచర్, గంపకు నూటనలభై నాలుగు కాయలు. ఏడు గంపలకెన్ని?" నేనింక వేళ్ళు మడుసుకుంట లెక్కవెడ్తున్న. "వెయ్యిన్నెనిమిది" అని నవ్వింది. నవ్వుకుంటనే ఇంకో గంప నింపింది.

లెక్క చెయ్యకుండ జవాబు రాస్తే సగం మార్కియ్యాలెనని మీరే రాసిచ్చిన్రు. సగమేసి కూడి చూసిన. నా పిల్లలు ఎంత తెస్తరో నాకెరుకే, సగమేసినా ఆ బడే పైనుంది.

ఏం జెయ్యాలె? రెండేండ్లాయె మా ఆయన దానియేలుకు పక్షవాతమొచ్చి. ఒక చెయ్యి, ఒక కాలు లేవయి. పగటి గంట కొట్టంగనే ఉరికిపోయి నోట్లె బువ్వవెట్టి వస్త. ఈ బడి మూస్తే నన్నెక్కడికో అబ్దుల్లాపూర్‌మెట్ అవతల పడేస్తరు. రోజుకు రెండు బస్సులు. ఆయనకు ఎవలు పెడ్తరు? సాకు జెప్తలేను సార్. అడిగితిరి గనుక చెప్తున్న... అడగలేదా? సరే, అడగకున్నా చెప్తున్న.

సున్నలేసిన. చూచిరాత అని రాసిన. పదకొండు సార్లు రాసిన.

నా పిల్లల పేపర్లను అంతయ్య సారు ఎట్ల దిద్దిండో తెల్సా? జవాబు తప్పయినా, చేసిన తీరు మంచిగుంటే అర మార్కేసిండు. మనిషి నోరులేనోడు. మూడేండ్లల్ల పింఛను. నేను పోవాల్సిన ఊరికి ఆయనను తోలిన్రు. రిజిస్టర్లు అప్పజెప్పవొచ్చిన్నాడు ఒక్కటే మాటన్నడు. "పిల్లలు రోడ్డు దాటాలమ్మా, జర పైలం."  నేను రిజిస్టర్లు దీస్కొని సంతకం వెట్టిన.

ఇగ రాసుకోన్రి సార్. పట్టీ తప్పు. ఆ బడి పైనుండాలె, నాది మూయాలె. మూస్తే మూయున్రి, ఆ పిల్లలకైతే రోడ్డు తప్పుతది.

ఏంది సార్, లేస్తున్రు?

పట్టీ జిల్లాకు పోయిందా? మీకు మెచ్చుకోలు కాయితం గూడ వచ్చిందా? అవునా!

ఓహో. ఇయ్యాల లేటు సంగతి మీరు మరిచిపోతరు, ఈ ముచ్చట నేను మరిచిపోవాలె. గంతేనా? మంచిదే. మీకూ సల్లన, నాకూ సల్లన.

కని మనిద్దరం మరిచిపోతే అయితదా? పంచాయతాఫీసుకాడ మీరు చదివిన్నాడు ఆ మల్లమ్మ, యాదమ్మను చీపురుకట్ట తిరగేసి కొట్టింది. మా ఇంట్ల దొంగలు లేరని ఒకటే తిట్లు. ఆ పిల్ల కండ్లల్ల నీళ్ళు రాలేదంట. పోయిన నెల బడిల అందరు పోయినంక నాకాడికొచ్చి అడిగింది. "టీచర్, అందరికన్న ముందు పేపరిచ్చింది నేనే గదా. మరి నేను ఎవలది జూసి రాసిన?"

నేను బోర్డు తుడుసుకుంట నిలవడ్డ సార్. తుడిసిన బోర్డునే తుడిసిన.

మీరు రాసుకోరు గద, నేనే పోత. ఇయ్యాల పగటి గంటకు ఆయనకింత బువ్వవెట్టి అటే పోత. మల్లమ్మ ముందట, ఆ వాడ ముందట చెప్త. ఆమె చీపురు పట్టుకుంటదో, రాయి పట్టుకుంటదో, పడ్త. తర్వాత మీరు బడి తెరుస్తరో, నన్ను ఇంటికి తోలుతరో మీ ఇష్టం.

ఆ పిల్ల ఎవ్వలదీ చూడలే సార్.