బొజ్జన్న బాగుచేసిన ఇమానం

"ఇమానం ఎగరేసేది ఏమంత గొప్ప కాదప్పా. రెండు చేతులు, రెండు కాళ్ళు ఉన్నోడు ఎవుడైనా ఎగరేస్తాడు. అది నేల మీద ఉన్నప్పుడే తట్టి సూసి, ఇది పనికొస్తాది, ఇది పనికిరాదు అని చెప్పేవాడు ఒకడు ఉండాల. ఈ తాలూకాలో ఆ ఒకడు ఎవురనుకున్నావు? నేను!"

ఆదోని నుంచి ఆలూరు పోయే బాట పక్కన హులిగెమ్మ టీ అంగడి. అంగడి ముందర బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని ఈ మాటలంటున్నవాడు బొజ్జన్న, ఒకప్పుడు ఊరి భూస్వామి రెడ్డిగారి ఎద్దులబండి తోలినవాడు. వింటున్నవాళ్ళు ఇద్దరు. ఒకడు ఊరి రైతు శివన్న, రోజూ వినేవాడే. ఇంకొకడు ఉరుకుందు అనే లారీ డ్రైవరు. గని నుంచి ముగ్గురాయి వేసుకుని బళ్ళారికి పోతూ, ఇంజను చల్లారేదాకా కూర్చుందామని ఆగినవాడు. కొత్త చెవులు దొరికేసరికి బొజ్జన్నకు ఊపు వచ్చింది.

ఇమానం మాట మటుకు నిజమే. కర్నూలు రాజధాని అయిన కొత్తలో రెడ్డిగారి అల్లుడు ఇంగ్లీషు సీమ నుంచి ఒక చిన్న విమానం తెప్పించాడు. అది చెక్కపెట్టెల్లో ముక్కలుగా వచ్చింది. కాగితం చూసి బిగించుకోవాలి. చెక్కపని అంతా చేసింది కంబన్న, బండ్లు చేసే వడ్రంగి, హులిగెమ్మ భర్త. అల్లుడు నడుపుతుండగా అదే విమానం కూలి, వెనక కూర్చున్న కంబన్న చనిపోయి రెండేండ్లయింది. తాగి వెనక సీట్లోకి ఎక్కి, అక్కడున్న నడిపే కట్టె పట్టుకుని లాగాడని, అందుకే కూలిందని పంచనామాలో రాశారు. అట్లా చెప్పి సాక్షి సంతకం పెట్టినవాడు బొజ్జన్నే. కంబన్న కల్లు వాసన కూడా పడని మనిషని హులిగెమ్మకు తెలుసు. కానీ ఊరు కాగితాన్ని నమ్మింది. తాగుబోతు ఇంట్లో చేసిన ఇరుసు నడిబాటలో విరుగుతుందని, ఆమె మరిది చిన్న ఈరన్నకు బండ్ల పని ఇవ్వడం మానేసింది. కాలు విరిగిన అల్లుడు మద్రాసు పోయి మళ్ళీ రాలేదు. ఆ పొద్దు అక్కడ జరిగింది చూసినవాడు బొజ్జన్న ఒక్కడే మిగిలాడు. అందుకే ఆమె అతణ్ణి అంగడి నుంచి వెళ్ళగొట్టలేదు. ఎన్ని కోతలు కోసినా ఏదో ఒకనాడు అసలు మాట జారకపోతుందా అని, రెండేండ్లుగా టీ పోస్తూ వింటోంది.

"తట్టి సూస్తే ఏం తెలుస్తాదన్నా? అదేమన్నా కుండనా?" అన్నాడు ఉరుకుందు.

"కుండకంటే సున్నితమప్పా! పెట్టెలు విప్పితే లోపల ఏముండాది? సన్న సన్న పుల్లలు, తెల్లగుడ్డ, తీగలు, గంపంత ఇంజను. పెండ్లిపందిరి సామాను మాదిరి. అల్లుడుగారు కాగితం పరిచి తలకాయ పట్టుకున్నాడు. 'బొజ్జన్నా, యుద్ధంలో మిలిట్రీకి పనిచేసినోడివి, ఇంగ నువ్వే దిక్కు' అనె."

"మిలిట్రీలో నువ్వు నీళ్ళబండి గదా తోలినావు" అన్నాడు శివన్న.

"తోలినా! ఆ నీళ్ళు ఎవురు తాగినారు? ఇమానాలు! దాని దాహం తెలిసినోనికి దాని దేహం తెలీదా? అడ్డం రావద్దు శివన్నా. యాడుంటి? ఆ, పుల్లలు. రెక్కలోపలి పుల్లల్ని ఒక్కొక్కటే వేలితో కొడతా వచ్చినా. నూటా నలభై పుల్లలు. అన్నీ టంగు టంగుమంటాండాయి, ఒక్కటి మటుకు టొక్కుమనె. 'దొరా, ఇది బంక పట్టలేదు' అంటి. విప్పి సూస్తే ఏముండాది? ఉత్త గాలి! అదే పైన ఊడింటే?"

ఆ పుల్ల సంగతి హులిగెమ్మకు తెలుసు. దాన్ని పట్టుకున్నది కంబన్న. ఆ సాయంత్రం సంగటి తింటూ ఇంట్లో చెప్పాడు. ఆమె టీ వడకట్టిన గుడ్డను గట్టిగా పిండింది.

"ఆ తర్వాత ఏం చేసినానో తెలుసా? గట్టితనం సూడాల గదా. రెక్కల మీద పదిమందిని నిలబెట్టినా. వంగల్యా. ఇరవైమందిని ఎక్కిచ్చినా. వంగల్యా. రెడ్డిగారి ఎనుమును తోలుకొచ్చి ఎక్కిచ్చినా."

"ఎనుము రెక్క మీద ఎట్ల నిలబడిందన్నా?"

"నిలబడిందని ఎవురన్నారు? సుఖంగా పండుకొని నెమరేసింది. ఆ పూట పాలు రెక్క మీదనే పిండినాం. అంతటితో నిలిస్తే నేను బొజ్జన్నను ఎట్లయితా? మోకులు కట్టి జిన్నింగు మిల్లు కప్పు మీదికి లాగిచ్చి, ఆడ నుంచి కిందికి తోసినా. పిల్లి మాదిరి నాలుగు కాళ్ళ మీద నిలబడె!"

"దానికి ఉండేది మూడు చక్రాలే గదా" అన్నాడు శివన్న.

"అదే గదప్పా వింత!"

ఉరుకుందు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు చూసి బొజ్జన్న ఇంకో టీ చెప్పాడు.

"సీమోడు చేసినంత మాత్రాన అన్నీ సరిగా ఉంటాయా? వాని ఊళ్ళో వాన, మన ఊళ్ళో ఎండ. వాని గుడ్డ మన ఎండకు తాళదని, అది పీకేసి ఆదోని మిల్లుగుడ్డ కప్పి జొన్నగంజి పట్టిచ్చినా. ఆరినాక కొడితే డప్పు మాదిరి మోగె. చక్రాల ఇరుసుకు ఆముదం పోసినా. ముందర గిరగిరా తిరిగే కట్టె ఉంటాది సూడు, అదేదో మెత్త కొయ్య. దాన్ని తీసి మన తుమ్మచెక్కతో చేపిచ్చినా."

"చేపిచ్చినావా, చేసినావా?" అంది హులిగెమ్మ పొయ్యి దగ్గర నుంచే.

"చేసినా, చేసినా" అన్నాడు బొజ్జన్న గబగబా. అతను చెప్పే కథలో కంబన్న ఎప్పుడూ ఉండడు.

"తోలేకి ఎట్లుండె?" ఉరుకుందు ముందుకు వంగాడు. బండి తోలేవాడికి అదే గదా కావలసింది.

"కోడెదూడ మాదిరి ఉండెనప్పా! పగ్గం మనసులో అనుకుంటే సాలు, తిరిగేది. జొన్నచేన్ల మీద మోకాలెత్తున పోతాంటే రెక్క అంచుకు కంకులు తెగి వరసగా పడతాండె. పదెకరాల కోత ఒక్క పొద్దుకు! గంపలెత్తుకున్న ఆడోళ్ళు ఎనకాల పరిగెత్తలేక శాపనార్థాలు పెడతాండిరి. అట్లనే పైకి లేపితి. తుంగభద్ర పంచె అంచంత సన్నంగా కనపడె. ఇంగా లేపితి. మేఘం అడ్డమొచ్చె. ఏం చేసినానో తెలుసా? చెయ్యి బయటపెట్టి జుట్టు పట్టుకొని, తడిగుడ్డను పిండినట్ల పిండితి!"

"మూడేండ్లుగా మాకు చుక్క లేదే" అన్నాడు శివన్న. "యాడ పిండినావప్పా దాన్ని?"

"రెడ్డిగారి చేను మీద."

ఈసారి శివన్న నవ్వలేదు. ఆ ఏడు నీళ్ళున్నది రెడ్డిగారి బావి ఒక్కదాంట్లోనే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుంతకల్లు మీద పోతాంటే ఇంజను ఆగిపాయ. అల్లుడుగారు ఏడ్సేకి పెట్టుకున్నాడు. కింద సూస్తే బొంబాయి మెయిలు పోతాండాది. మోకుకు ఉచ్చు ఏసి ఇసిరితి సూడు, పోయి రైలింజను పొగగొట్టానికి పడె! గాలిపటాన్ని లాగినట్ల లాక్కొని వచ్చె మమ్మల్ని ఆదోని దాకా. టేసను మాస్టరు టికెట్టు యాడ అంటాడు. 'మేం రైలు యాడ ఎక్కినాం సామీ, రైలే మాకు తగులుకున్నాది' అంటి. నోరు మూసుకున్నాడు."

ఉరుకుందు కండ్లు తుడుచుకున్నాడు. "అంతా బాగుండాదన్నా. అయితే నేను పదేండ్లుగా లారీ తోలినోణ్ణి. బండి అన్నాక ఏదో ఒక వంక ఉంటాది. వంక లేని బండిని నేను సూడలేదు. నీ ఇమానానికి ఒక్క వంకన్నా లేదా?"

బొజ్జన్న గ్లాసు పక్కన పెట్టాడు. మామూలుగా అతని కథ రైలు దగ్గరే అయిపోతుంది. కానీ ఇంత బాగా వినేవాడు మళ్ళీ దొరుకుతాడా?

"ఉండె. ఒక్కటి ఉండె. ఇది ఇంతవరకు ఎవురికీ చెప్పల్యా. మోర బరువు. ఇంజనంతా ముందర గదా, దిగేటప్పుడు మూతి నేలకు కొట్టేకి పొయ్యేది. తోక కిందికి రాదు. అల్లుడుగారు కాగితాలన్నీ తిరగేసె. నాకు ఒక్క సూపుకే తెలిసిపాయ. శివన్నా, మన బండిలో బరువంతా ముందరుండి ఎద్దుల మెడలు నలిగిపోతాంటే ఏం చేస్తాం?"

"ఎనక్కు ఇంత సర్దుతాం."

"అదీ! అల్లుడుగారు బువ్వకు పోయినప్పుడు, బేతంచెర్ల నాపబండొకటి, రెండు మణుగుల బరువుంటాది, తోకలోపల పెట్టి తీగతో బిగిచ్చి కట్టినా. గుడ్డ మళ్ళీ కప్పేసినా. ఎవురికీ చెప్పల్యా. ఆయనొచ్చి ఒక్కడే ఎక్కి ఒక సుట్టు కొట్టి దిగినాడు. 'బొజ్జన్నా, ఇప్పుడు పూలబండి మాదిరి ఉండాదే, ఏం మంత్రమేసినావు?' అనె. నవ్వి ఊరుకున్నా. సీమలో సదువుకున్నోళ్ళకు తెలీంది నాకు తెలిసిందంటే..."

హులిగెమ్మ చేతిలో గిన్నె అట్లాగే ఆగింది. బండ మాట రెండేండ్లలో ఇదే మొదటిసారి.

ఉరుకుందు ముఖంలో నవ్వు పోయింది. "అన్నా, ఒక్కడు ఎక్కితే సరిపోయింటాది. రెండో సీటు ఎనక గదా ఉండేది? ఆడ ఇంకో మనిషి కూచుంటే? బండ బరువు, దాని మీద మనిషి బరువు, రెండూ ఎనకనే. నేను ముగ్గురాయి ఎనక్కు ఏసుకున్నపొద్దు ముందు చక్రాలు నేల పట్టవు. స్టీరింగు యా పక్క తిప్పినా వినదు. లారీ కాబట్టి నేల మీద ఉంటాది. అది గాల్లో మూతి పైకి లేపిందంటే ఇంగ దించేది ఎట్ల?"

"ఏమీ కాల్యాప్పా" అన్నాడు బొజ్జన్న. "ఎనక మనిషి కూచున్నా పక్షి మాదిరి పాయ. నేనే కూచున్నా గదా."

హులిగెమ్మ గిన్నె దించి, చేతులు తుడుచుకుని బల్ల దగ్గరకు వచ్చింది.

"బొజ్జన్నా, బండికి ఇరుసు మార్చినా, చక్రం మార్చినా, మార్చినోడే మొదటి బాటకు దాని మీద కూచోని పోవాల. మా ఇంట్లో ముందు నుంచి అదే పద్ధతి. తను చేసిందాని మీద తను కూచోకుండా మా ఆయన ఒక్క బండిని ఊరోళ్ళ చేతికి ఇయ్యల్యా. రెక్కల పని తనది కాబట్టి ఆ పొద్దు ఎక్కినాడు. తోకలో బండ ఉండాదని ఆయనకు చెప్పినావా?"

"నేనే ఎక్కినా అంటాంటే మళ్ళీ..."

"నువ్వు ఎక్కింటే, ఈ పొద్దు నేను నీకు టీ పోసే పని ఉండదు."

బొజ్జన్న ముగ్గురి ముఖాలూ చూశాడు. తర్వాత పెద్దగా నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"అక్కా, ఏందక్కా నువ్వు! పొద్దు పోయేకి కోసే కోతలక్కా ఇయ్యి. బండా లేదు, గిండా లేదు. ఆ ఇమానాన్ని నేను ముట్టను గూడా లేదు. దూరంగా ఎద్దులు పట్టుకొని నిలబడింటి. నేను చెప్పేదంతా అబద్ధమని ఈ ఊళ్ళో పసిపిల్లను అడిగినా చెప్తాది."

"అంతా అబద్ధమేనా?"

"అంతా! మా అమ్మతోడు. నా నోట్లో నుంచి నిజమొచ్చింది ఎప్పుడు?"

"మా ఆయన తాగి ఎక్కినాడని పోలీసోళ్ళకు చెప్పింది ఆ నోరే గదా."

బొజ్జన్న శివన్న వైపు చూశాడు. శివన్న బాట వైపు చూశాడు. ఉరుకుందు లేచి, ఆ బల్ల మీద నుంచి నాలుగడుగులు దూరంగా పోయి నిలబడ్డాడు. బొజ్జన్న తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. తన ఇంటి వైపు పోలేదు. వడివడిగా రెడ్డిగారి ఇంటి వైపు పోయాడు.

"అక్కా, నేను విన్నా" అన్నాడు ఉరుకుందు. "యాడికి రమ్మంటే ఆడికొచ్చి చెప్తా."

"నువ్వు మంచోడివి నాయినా. కానీ నువ్వు చెప్పేది ఏమి? బొజ్జన్న ఇట్ల అన్నాడని. అన్నాడా అని వాణ్ణి అడుగుతారు. కోతలు కోసినా అంటాడు. అది అందరూ నమ్ముతారు."

ఉరుకుందు టీ డబ్బులు బల్ల మీద పెట్టి పోయి లారీ ఎక్కాడు. లారీ కదిలి, దుమ్ము అణిగిన తర్వాత శివన్న గొంతు సవరించుకున్నాడు.

"హులిగెమ్మా, రేపు ఈరన్నను మా ఇంటికి పంపియ్యమ్మా. బండి చక్రం పట్టా వదులైంది. సూసి బిగిస్తాడు."

ఆమె ఖాళీ గ్లాసులు తీస్తూ ఆగింది.

"రెండేండ్లుగా ఈ బల్ల మీదనే కూచోని వింటివి శివన్నా. ఎనుము రెక్క మీద పండుకుందంటే అబద్ధమని నవ్వితివి. మేఘాన్ని పిండినాడంటే నవ్వితివి. మా ఆయన తాగినాడని అదే మనిషి చెప్తే, అది మటుకు ఎట్ల నమ్మితివి?"

శివన్న తల ఎత్తలేదు. ఆమె గ్లాసులు తొట్టిలో వేసి కడిగింది.

"పంపిస్తాలే" అంది హులిగెమ్మ. "నీ చక్రం ఏం చేసింది పాపం."