చెంబు అందుకున్న మనిషి

ఏం మే బిందూ, ఇంటికొచ్చిన మనిషిని 'భోంచేస్తారా' అని అడగతారా ఎవురైనా? అడిగితే పాపం ఆ గిరిబాబు ఏమంటాడు, 'ఇప్పుడే తిన్నానమ్మా' అంటాడు. కడుపు మాడతా ఉన్నా అదే అంటాడు. మీ ముత్తవ్వ ఆదిశేషమ్మ, అదే, మా అత్త, ఆమె ఉంటే నీ నెత్తిన మొట్టికాయ వేసుండేది. ఆమె ఎవుర్నీ అడిగేది కాదు. నీళ్ల చెంబు చేతికిచ్చి 'కాళ్లు కడుక్కోండి' అనేది, అంతే. ఇంక ఆకేసినట్టే. వచ్చిన పనేందో తిన్న తర్వాతే అడిగేది.

వచ్చినోళ్లకూ ఒక పద్ధతి ఉండేది లే. కాదు అనే మాట మోసుకోనొచ్చినోడు వాకిట్లోనే నిలబడి చెప్పేసి పోవాల. చెప్పులిడవగూడదు, మంచినీళ్లు గూడా ముట్టగూడదు. ఇప్పుడైతే ఫోన్లో మెసేజి పెట్టేస్తా ఉన్నారు, అది వేరే సంగతి. ఏం చెప్తా ఉన్నాను... ఆఁ. మీ అవ్వ రేవతికీ నాకూ తాంబూలాలు అయిపోయినాక, మా నాయనకు సూళ్లూరుపేటలో ఇంకో సంబంధం తగిలింది. మాగాణి బాగా ఉండే ఇల్లంట. నన్నెవురడిగినారు? మా మేనమామ పెంచలకృష్ణను పిలిచి, 'ఈ పెళ్లి జరగదని చెప్పేసిరా పో' అని పంపించినాడు. ఆయన నాయుడుపేటలో బస్సు దిగి, ఎండలో గట్ల మీద నడిచి, నాలుక పిడచగట్టుకోనిపోయి మీ అవ్వ వాళ్ల వాకిట్లో నిలబడినాడు. చెప్పులిడవలా. అది చూడంగానే మా అత్తకు అర్థమయిపోయింది. ఇంకొకరైతే ఆడే ఏడుపు మొదలుపెట్టుందురు. ఈమె ఏం తెలియనట్టు చెంబు తెచ్చి, 'ఎండనపడి వచ్చినావన్నా, కాళ్లు కడుక్కో' అనింది. మా మేనమామ చెంబు అందుకోని గటగటా తాగేసినాడు! అదీ ఆయన చేసిన తప్పు. తాగినాక ఇంక వాకిట్లో ఎట్టా నిలబడేది? చెప్పులిడిచినాడు, కూర్చున్నాడు, తిన్నాడు. బొమ్మిడాయి చేపల పులుసు. ఆమె వడ్డిస్తా ఉంటే వద్దనకుండా తిన్నాడు. చెయ్యి కడిగినాక అప్పుడడిగింది, నవ్వతానే, 'ఇప్పుడు చెప్పన్నా, ఏం పనిమీద వచ్చినావు?' మా మామ తువ్వాలతో మూతి తుడుచుకోని, మళ్లా తుడుచుకోని, 'ఏం లేదు చెల్లెమ్మా, పెళ్లికొచ్చే బండ్లు యాడ విప్పాల్నో చూసిపోదామనీ...' అన్నాడు.

తిరిగొచ్చి మా నాయనతో, 'బావా, ఆ ఇంట్లో తినొచ్చినాను. ఆ మాట నా నోటితో చెప్పలేను. చెప్పాలంటే నువ్వు పో' అన్నాడు. మా నాయన తిట్టినాడు, ఎగిరినాడు. పోలేదు మాత్రం. పోతే తనకూ చెంబిస్తుందని భయం.

పెళ్లయిన ఎన్నేళ్లకో మీ అవ్వ చెప్పింది నాకు. మా మామ గట్టు దాటి కనపడకుండా పోయినదాకా మా అత్త వాకిట్లో నవ్వతానే నిలబడి ఉందంట. లోపలికొచ్చి ఎంగిలాకు తీయబోయి, ఆడే నేలమీద కూలబడిపోయిందంట. కూతుర్ని గట్టిగా పట్టుకోని, 'ఆయన ఆ నీళ్లు తాగకపోయుంటే నీ గతేంది మే' అనిందంట.

...

ఆ ఫ్యాను కొంచెం తగ్గించు మే, గాలికి కళ్లల్లో నీళ్లొస్తా ఉండాయి.