విడుదలైన మనిషికి అద్దె ఇల్లు

నా పేరు, తండ్రి పేరు పై గడుల్లో రాయించాను. వయసు నలభై నాలుగు. రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ. నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. ఇదివరకు అదే పనికి నాకు సొంత ల్యాబు ఉండేది. వృత్తి దగ్గర ఆ సంగతి కూడా రాయాలా అని అడిగాను. అక్కర్లేదన్నారు. ఇది అక్కర్లేదు అని నాతో అన్న మొదటి ఆఫీసు ఈ పోలీస్ స్టేషనే.

తాళం పగలగొట్టారా అని అడిగారు. పగలగొట్టించాను. నా ఇంటి తలుపుకి వేసిన తాళమే. నా ఇల్లు అనొచ్చో లేదో నాకే అనుమానం, అందుకని మొదటినుంచీ చెబుతాను.

ల్యాబు అప్పులన్నీ నా ఒక్కదాని పేరు మీదే ఉండేవి. పెద్ద కాంట్రాక్టు ఇచ్చినవాళ్ళు రిపోర్టులు పట్టుకెళ్ళారు, బిల్లులు మాత్రం తీర్చలేదు. మిషన్లు అమ్మినా చాలలేదు. దివాలా పిటిషన్ వేశాను, ఉన్నదంతా కోర్టుకి అప్పగించాను. మూడేళ్ళ క్రితం కోర్టు నన్ను ఆ బాకీల నుంచి విడుదల చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. విడుదల అన్నది కోర్టు రాసిన మాట, నా మాట కాదు.

ఇవాళ నేనెవరికీ బాకీ లేను. అయినా ఎక్కడికెళ్ళినా నా క్రెడిట్ రిపోర్టు నాకంటే ముందే వెళ్ళి కుర్చీలో కూర్చుంటోంది. ఫోను కనెక్షన్‌కి వెళితే డిపాజిట్ కట్టమన్నారు. ఇప్పుడున్న ఉద్యోగానికి కూడా రెండోసారి ఇంటర్వ్యూకి పిలిచి, నీళ్ళ గురించి ఒక్క ముక్క అడగకుండా దివాలా గురించే అడిగారు. రిపోర్టు తయారుచేసే ఏజెన్సీకి ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"దివాలా ఎంట్రీ ఇంకో నాలుగేళ్ళు ఉంటుంది మేడమ్."

"బాకీలు పోయాయి కదమ్మా?"

"పోయాయని కూడా పక్కనే ఉంటుంది మేడమ్. చరిత్ర బాగుపడాలంటే చిన్న అప్పేదైనా తీసుకుని, టైముకి కట్టుకుంటూ రండి."

"ఎవరిస్తారు?"

"చరిత్ర బాగుంటే ఎవరైనా ఇస్తారు మేడమ్."

నవ్వుతుందేమో అని కాసేపు ఫోను చెవి దగ్గరే పెట్టుకున్నాను. నవ్వలేదు.

ఈలోపు మేముంటున్న బిల్డింగు కూలగొడతామని అందర్నీ ఖాళీ చేయమన్నారు. నేనూ, నా కూతురూ ఉంటాం. దానికి పదిహేనేళ్ళు, ఈ ఏడాది పెద్ద పరీక్షలు. స్కూలుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు కావాలి. చూసిన ప్రతి ఇంట్లోనూ బాత్రూం కుళాయిలదాకా చూపించి, రిపోర్టు చూశాక ఫోన్ ఎత్తడం మానేశారు. చివరికి కళ్ళజోళ్ళ షాపాయన ఇంటి పైవాటా దొరికింది. ఆయన రిపోర్టు అడగలేదు. జీతం చీటీ చూశాడు, అడ్వాన్సు తీసుకున్నాడు, అగ్రిమెంటు మీద సంతకం పెట్టాడు, తాళంచెవి చేతిలో పెట్టాడు. "ఆడపిల్లున్న ఇల్లు, కిటికీలకి కొత్త మెష్ వేయిస్తానమ్మా" అన్నాడు. వేయించాడు కూడా.

అప్పుడే చెప్పి ఉండాల్సిందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అడగనిది చెప్పకపోతే దాచినట్టవుతుందా? మీ చట్టంలో ఏమవుతుందో తెలియదు. నాకైతే రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

నిన్న శనివారం సామాన్లు వ్యానుకి ఎక్కించి ఉదయం పదకొండింటికి అక్కడికి వెళ్ళాం. పైవాటా తలుపుకి నా తాళం మీద ఇంకో తాళం వేసి ఉంది. షాపాయన మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాడు.

"మా అల్లుడు నీ రిపోర్టు తీయించాడమ్మా. మూడేళ్ళ కింద విడుదలయ్యావట. ముందే చెప్పాలా వద్దా?"

"అవునండీ, విడుదలయ్యాను. అయితే ఏంటి?"

"ఏం కేసు?"

"దివాలా కేసు."

"ఎన్నాళ్ళున్నావు లోపల?"

అప్పటిగ్గానీ నాకు అర్థం కాలేదు. వెనకనుంచి నా కూతురు, "తాతగారూ, మా అమ్మ సినిమా హాల్లో కూడా చివరిదాకా కూర్చోదు, జైల్లో ఎలా కూర్చుంటుంది?" అంది. వ్యాను డ్రైవర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జైలు నుంచి కాదు, అప్పుల నుంచి విడుదల అని మొత్తం విడమరిచి చెప్పాను. అపార్థం తొలగిపోతే తాళం తీస్తాడనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, విషయం సరిగ్గా చెబితే చాలనే పిచ్చి నాకు ఇంకా ఉంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "జైలైతే ఏదో ఆవేశంలో చేసుంటావు, శిక్షా అయిపోయింది, పోనీలే అనుకుందును. పొద్దున్నుంచీ అదే ఆలోచిస్తున్నా. ఇది ఎగ్గొట్టడం కదమ్మా! రేపు నా అద్దె సంగతేంటి?" అన్నాడు.

"ఆరు నెలల అద్దె అడ్వాన్సుగా మీ దగ్గరే ఉంది కదండీ."

"అది వేరు. మనసొప్పాలిగా."

ఇది మాత్రం దయచేసి ఆయన అన్నది అన్నట్టే రాయండి. ఎవరినైనా పొడిచి వచ్చుంటే మనసొప్పేది.

వ్యాను డ్రైవర్ ఇంకో కిరాయికి టైమైపోతోందని అరుస్తున్నాడు. పాత ఇంటి తాళంచెవులు పొద్దున్నే ఇచ్చేశాం. పరుపులు రోడ్డు మీద ఉన్నాయి. నా కూతురు పుస్తకాల పెట్టె మీద కూర్చుని, అటూ ఇటూ పోయేవాళ్ళు చూడకుండా మొహం మోకాళ్ళలో దాచుకుంది. జోకులేసే పిల్ల. నేను డ్రైవర్‌ని రాడ్ అడిగాను. అతను ఇవ్వనన్నాడు. అగ్రిమెంటు చూపించాను. చదివి, ఆయన వేసిన తాళం ఒక్క దెబ్బతో ఊడగొట్టాడు. నా తాళం నేను చెవితోనే తీశాను. షాపాయన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆయన భార్య కింద నుంచి "వదిలేయండి, పిల్ల ఏడుస్తోంది" అని రెండుసార్లు అంది.

డ్రైవర్ మీద కేసు పెట్టొద్దు. పగలగొట్టమన్నది నేను.

ఇందాక మీరు, వచ్చే ఆదివారంలోగా ఖాళీ చేస్తానని రాసిస్తే ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాడని చెప్పారు. లేకపోతే కేసు నమోదవుతుంది, అది ఇంకో రికార్డు అవుతుంది, మీలాంటివాళ్ళకి ఎందుకు మేడమ్ అన్నారు. మంచికే అన్నారని తెలుసు. బయట బెంచీ మీద కూర్చుని ఆలోచించాను. రికార్డు పాడవుతుందని భయపడటానికి నా దగ్గర పాడవని రికార్డు ఏదీ లేదు. అద్దె ఇంటి అగ్రిమెంటు ఒక్కటే ఉంది, దాని మీద ఆయన సంతకం ఉంది.

ఖాళీ చేస్తానని రాసివ్వను. కేసు పెట్టుకోండి. తాళం ఖరీదు ఇస్తాను. నా కూతురు ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంది. నేను వచ్చి పిలిచేదాకా లోపల గడియ తీయొద్దని చెప్పి వచ్చాను.

పైన రాసినదంతా నేను చెప్పిందే. నాకు చదివి వినిపించారు, నేనూ మళ్ళీ చదువుకున్నాను. ఇందులో అబద్ధం లేదు. ఎవరి బలవంతమూ లేకుండా సంతకం చేస్తున్నాను.

(సంతకం)