తెలుగు విని తలుపులేసుకున్న ఊరు

— తాతా, జంగల్ లైన్లో పని చేసినప్పుడు నీకు డర్ వెయ్యలేదా?

డర్ కాదే గుంటా, భయం అను. భిలాయిలో పుట్టీసి సగం తెలుగు మింగీసినారు మీరంతా. నా మాటలు రికార్డు చేస్తానన్నావు కదా, ఆ ఫోను దగ్గరగా పెట్టు. ఆఁ.

భయమెందుకు వెయ్యదు? నాను రిటైరవడానికి రెండేళ్ళ ముందు... కాదు కాదు, మూడేళ్ళు. మీ నాన్న ఇక్కడ కోహ్కాలో ఈ ఇల్లు కడతన్నాడప్పుడు. మన ఉక్కు ప్లాంటుకి ఇనపరాయి తేడానికి అడివిలోకి కొత్త రైలు లైనేస్తన్నారు. అక్కడ సర్కారు మీద తిరగబడి బందూకులట్టుకున్నోళ్ళుండీవారు. అందర్‌వాలే అనీవారు, లోపలోళ్ళన్నమాట. పట్టాల కింద బాంబులెట్టీవారు. అందుకని పొద్దున్న ముందు జవాన్లు, ఆళ్ళ కుక్క నడిచీవారు, ఎనకాల పట్టాలేసే మా గ్యాంగు. ఓపాలి కుక్క ఆగిపోయింది. అందరం బోర్లా పడిపోనాం. తీరా చూస్తే ఏటనుకున్నావు? మా గ్యాంగులో అప్పల్రాజని విజయనగరం వైపోడు, ఆడు ముందురోజు పారబోసిన ఎండుచేపల కూర! జవాన్లు నవ్వలేక చచ్చినారు.

మరేటంటే, ఓ రోజు నానూ అప్పల్రాజూ మంచినీళ్ళకి పక్క ఊరెళ్ళినాం. ఆడిది మైకు గొంతు. "బొక్కెన ఏదిరా" అని తెలుగులో అరిచీసినాడు. అంతే! టపటపా తలుపులన్నీ మూసీసుకున్నారు. ఓ ముసల్ది ఒక్కర్తీ వొచ్చింది, చంకలో కోడిపెట్టతో. కోడిని మా కాళ్ళకాడెట్టి దండమెట్టి, "నోనీ లా ఝన్ లేగవ్" అంది. గుంటని తీసికెళ్ళొద్దని. తలుపు సందులోంచి దాని మనవరాలు చూస్తంది, నీ ఈడుదే. లోపలోళ్ళ పెద్దల్లో తెలుగోళ్ళుండీవారు కదేటి, తమ గుంపులో కలుపుకోడానికి ఇంటికో పిల్లని తీసుకుపోయీవారట. మా మాట విని మేం ఆళ్ళమే అనుకున్నారు. పోనీ జవాన్లకి చెప్పుకుందారంటే, "ఆళ్ళకి బువ్వెట్టింది మీరే కదా" అని తిరిగి ఈళ్ళనే నిలదీసీవారు. ఎటెళ్తారు పాపం?

నాకు సిగ్గేసిందమ్మా. మేమే తప్పూ చెయ్యలేదు, అయినా సిగ్గేసింది. కోడిని తిరిగిచ్చీసినాం. మేం రైలోళ్ళమంటే నమ్మలేదు. ఆరోజునించి ఆ ఊరికాడ ఇద్దరం హిందీయే. "పానీ తాగేంగే" అనీవాడు అప్పల్రాజు. నవ్వకు, నీ తెలుగూ అలగే ఉంటది.

లైనయిపోయింది. మొదటి బండొచ్చిన రోజు ఆ ఊరంతా కొత్త స్టేషను ప్లాట్‌ఫారం మీదే. ముసల్ది మనవరాలి చెయ్యట్టుకుని తెచ్చింది, గుంట ఇస్కూలు బట్టల్లో ఉంది. ఇన్నాళ్ళూ మా పని చూసి మేం రైలోళ్ళమేనని నమ్మినట్టుంది ముసల్ది, తిన్నగా నా దగ్గరకొచ్చి, వొచ్చీరాని హిందీలో, "ఆరోజు మాటాడినారే మీ భాష, మాటాడండి" అంది. ఏటి మాటాడను? "అన్నం తిన్నావేటమ్మా" అన్నాను. ఆ గుంట పకపకా నవ్వీసి, నా మాట నాకే తిరిగి చెప్పింది. నాకు ఏడుపొచ్చీసింది. అప్పల్రాజు ఎగతాళి చేసినాడు గానీ, ఆడి కళ్ళూ తడే.

చల్లగుండు తల్లీ. హిందీయే మాటాడు, తెలుగే మాటాడు, నీ ఇష్టం. నీ గొంతు విన్నోళ్ళు తలుపు తియ్యాలమ్మా, అంతే.