కొండి విరిగిన గేరు సైకిల్

"మెల్లగ అన్న గద తాతా. గేరు తీగ పేచు వేళ్లతోని తిప్పాలె, పక్కడ్ ఎందుకు వట్టినవ్?"

"ఈ వేళ్లు నలభై ఏండ్లు తాళ్లు పట్టుకున్నయిరా మహేశా. గింత పేచు ఈటికి ఏడ దొరుకుతది?"

కథలాపూర్‌లో సారయ్య సైకిల్ దుకాణం. తాటిచెట్లు ఎక్కే కాలం పోయాక పంక్చర్లు అతికించుకుంటూ బతుకుతున్న ముసలాయన అతను. ఎదురుగా తలకిందులుగా నిలబెట్టిన పాత గేరు సైకిల్, దాని పక్కన బీడీల గంపతో పుష్ప. పీట మీది ఫోనులోంచి మాట్లాడుతున్నది మస్కట్‌కని బయలుదేరిపోయిన ఆమె పెనిమిటి మహేశ్.

"తాతా, జెర జెప్పన. రేపు పొద్దుగాల బీడీలు అప్పజెప్పాలె. పోయినవారం ఒకపారి పోలే. రేపు గూడ పోకుంటె పేరు కొట్టేస్త అన్నడు టేకేదారు."

"నడిచి పో బిడ్డా."

"గంప నెత్తినెత్తుకొని గా గట్టు ఎక్కేవరకు వాడు తలుపేసుకొని పోతడు."

"అదే గట్టు మీద నా పాత సైకిల్ ఏం చేసిందో ఎరుకనా? నేను, మా అవ్వ, ముగ్గురు చెల్లెండ్లు, ముంగట ఒక మేక. గేర్లు లేవు, బిరేకులు లేవు. బెల్లు మేకనే కొట్టేది."

"తాతా..."

"నిజం బిడ్డా. మేక సచ్చినంక బెల్లు కొడుదామంటె నాకు రానే రాకపాయె."

"తాతా, పేచు తిప్పినవా లేదా?"

"ఎటు తిప్పాల్నో చెప్పరా."

"ఇప్పుతున్నట్టే తిప్పు. తీగ బిగుసుకుంటది."

"ఇప్పితె బిగుసుకుంటదా? గిదేం పేచురా, మా వియ్యపురాలి తీర్గ ఉన్నది."

"పుష్పా, నువ్వు పెడల్ చేతితోని తిప్పు. తిప్పుతున్నవా? ఇగ గేరు మార్చు. గొలుసు పెద్ద చక్రం మీదికి ఎక్కిందా?"

"ఎక్కినట్టే జేసి మల్ల చిన్నదాని మీదికే జారింది."

"అచ్చం నీ తీర్గనే మహేశా. బతుకమ్మకు వస్త అంటివి. దసరకు వస్త అంటివి. ఎక్కినట్టే జేస్తవు, జారుతవు."

"గేరు సంగతి చూడు తాతా."

"తాత అన్నదానికి జవాబు జెప్పు. ఎప్పుడస్తున్నవ్?"

"కంపెనోడు సెలవియ్యాలె గద పుష్పా... ఇంకింత తిప్పుమను. ఎక్కిందా?"

"ఎక్కలే."

"ఎక్కలేరా. టకటక అంటున్నది, ఎక్కుత లేదు."

"అయితె ఎనుక కూసోని చూడు తాతా. గొలుసును గుంజిపట్టే రెండు బుడ్డ చక్రాలుంటయి, ఒకదాని కింద ఒకటి. అవి పెద్ద చక్రానికి సీదగ ఉన్నయా?"

"లేవు. లోపటికి ఒరిగినయి. పొద్దుగూకినంక కల్లు తాగి మా దశరథం ఇంటికి పోయే తీరుగ."

"గట్లయితె తప్పు తీగది కాదు. గేరును పట్టుకున్న కొండి వంగింది. ఎట్ల వంగింది పుష్పా?"

"గోడకానిచ్చిన. బర్రె ఒరుసుకున్నది."

"ఎంత వంగిందో ఏమో..."

"వీడియోల చూడరాదు? మొకం గూడ కనవడుతది."

"ఈడ సిగ్నల్ లేదు."

"నిన్న గూడ లేకుండె."

"ఎడారి గద పుష్పా."

"ఎడారి అయితేంది, వంగింది నాకు కనవడుతనే ఉన్నది. సుత్తె అందుకో బిడ్డా. రెండు దెబ్బలకు సీద అయితది."

"తాతా వద్దు. అది ఇనుము కాదు, సిల్వర్ గిన్నె అసొంటిది. దెబ్బకు ఆగది. మెల్లగ చేతితోని..."

"అరే, నేను వంగిన హాండిలు సీద జేసిన, వంగిన ఫోర్కు సీద జేసిన..."

"తాతా ఆగు. తాతా..."

"అరెరె!"

"ఏమైంది?"

"ఏం గాలేరా."

"పుష్పా, ఏమైంది?"

"ఇరిగింది."

"రెండు ముక్కలా?"

"రెండు ముక్కలు. గేరు గొలుసుకు ఏలాడుతున్నది."

"నా చేతులు ఇరగ. వంగిందంటె కొట్టుడే ఎరుక బిడ్డా నాకు. మన సైకిల్లు దెబ్బలు తిన్నా నడుస్తయి."

"నువ్వేం జేస్తవు తాతా. మరి గొలుసు పొట్టిగ జేసి ఒకటే చక్రం మీద తోలరాదా?"

"తోలచ్చు పుష్పా, గని ఆ గొలుసు సన్నది. తాత కాడున్న సామానుకు అందది."

"అందది బిడ్డా. నాయి అన్ని దొడ్డు గొలుసుల సామాన్లు. గీ కొండి కోరుట్లల దొరకది, జగిత్యాలల దొరకది. సిరిసిల్లల పాత బస్టాండ్ ఎనుక పోశం అని ఒకడున్నడు, ఇరిగిన గేరు సైకిల్లు కొని ముక్కలు అమ్ముతడు. వాని కాడ దొరుకుతది."

"అయితె ఇప్పుడే బస్సెక్కుత."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"ఎండల ఏం పోతవు. రేపు సూద్దాం."

"రేపటికి నా పేరే ఉండది. పోయి మాపటికల్ల వస్త. తాత బిగిస్తడు."

"పుష్పా, వద్దన్ననా? పోయినా దొరకది. పోశం దుకాణం బందున్నది."

"ఎప్పటి సంది?"

"ఇయ్యాలనే. పొద్దుగాల వాళ్ల అవ్వ కాలం జేసింది. షట్టర్ ఏసి, ముంగట కట్టెలు పేరుస్తున్నరు... పుష్పా?"

"ఖర్జూరపు చెట్టు ఎక్కి చూసిండేమో బిడ్డా. నేను తాటిచెట్టు ఎక్కితె వేములాడ గుడి మీది కోతులు కనవడేటియి. ఏ కోతి దేనికి అక్కనో గూడ చెప్పేది. మస్కట్ల చెట్లు ఇంకా ఎత్తుంటయి గద..."

"తాతా."

"ఊఁ."

"ఊకో."

"ఊకున్న బిడ్డా."

"పుష్పా... ఏజెంటు బొంబాయిల రూముల ఇడిచి పారిపోయిండు. నేను ఇమానమే ఎక్కలే. ఊరంత దావత్ తిని, మెడల దండలేసి, డప్పులతోని బస్సెక్కిస్తిరి. గా బస్సే దిగి ఏ మొకంతోని రావాలె? సిరిసిల్లల మగ్గాల కాడ పనికి వడ్డ. ఇయ్యాల జెప్పుత, రేపు జెప్పుత అనుకున్న... పుష్పా, ఇంటున్నవా? తాతా, ఉన్నదా అది?"

"ఉన్నదిరా. గేరు ముక్క చేతుల వట్టుకొని నిలవడ్డది. నువ్వన్న మాట్లాడు బిడ్డా, నాకు అబద్ధాలు గూడ వస్తలేవు."

"ఏమన్న తిట్టు పుష్పా."

"ఏం తిట్టాలె. పోయిన బేస్తారం సిరిసిల్ల బజార్ల చూసిన నిన్ను. రోడ్డవతల నిలవడి చాయ్ తాగుతున్నవు, బక్కగైనవు. పిలుద్దామని నోరు తెరిచిన. నన్ను చూసి ఏడ ఉరుకుతవో అని, కొంగు మొకానికి అడ్డం పెట్టుకొని నేనే బస్సెక్కిన."